మా తాతయ్యకు నిండుగా కనబడిన సముద్రం

నా చిన్నప్పుడు, కార్తీక పౌర్ణమి వెళ్ళిన మూడవ రోజు, గురువారం ఉదయం ఆరుంపావుకు, మా తాతయ్య నా భుజం పట్టుకొని మా తీరంలోని రాతిగుట్ట పైకి చేరాడు. ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ వేళను ఇంత నిక్కచ్చిగా చెప్పగలగడానికి కారణం ఉంది. ఆరు గంటలకు నీటి అవతల కర్రమిల్లు కూత కూసింది. ఆ కూత ఆగగానే మా అమ్మ నీళ్ళ చెంబు నా చేతికిచ్చి తాతయ్య వెంట పొమ్మంది. గుట్ట ఎక్కడానికి మా ఇద్దరికీ ఎప్పుడూ పావుగంట పట్టేది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. ముందురోజు సాయంత్రం గాలాలు వేయడానికి డింగీ అనే చిన్న పడవ మీద ఒంటరిగా వెళ్ళిన మా నాన్న తెల్లవారినా తిరిగి రాలేదు.

మేము ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చినవాళ్ళం. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, ఈ దీవుల్లో చేపలు పట్టేవాళ్ళు కావాలనీ వస్తే ఇంటికి జాగా ఇస్తారనీ విని, మా తాతయ్య కొడుకునూ కోడలినీ వెంటబెట్టుకొని ఓడ ఎక్కాడు. నేను ఇక్కడే పుట్టాను. పోర్ట్ బ్లెయిర్ ఊరికి బాగా ఎడంగా, అబర్డీన్ బజార్‌కు పోవాలంటే పూట నడక పట్టేంత దూరంలో, మావి పదిహేను ఇళ్ళు ఉండేవి. మా వాళ్ళ పని పెద్దవల. వలను పడవతో నీటిలో అర్ధచంద్రంలాగా వేసి, రెండు కొసలనూ ఒడ్డు మీది నుంచే లాగుతారు. చేపల మంద ఎటు ఉందో ముందే చూసి చెప్పే మనిషి లేకపోతే ఆ వలకు విలువ లేదు. మా తీరంలో ఆ మనిషి మా తాతయ్య. గుట్ట మీద నిలబడి, నీటి రంగులో వచ్చే కొద్దిపాటి నలుపును బట్టి కవళ్ళ చేపల మందను పసిగట్టి, చేతిలోని ఎర్రగుడ్డను కుడికో ఎడమకో ఊపేవాడు. గుడ్డ లేవనిదే వల నీటిలో పడేది కాదు.

దీనికి సంబంధించి మా వాళ్ళకు ఒక గట్టి కట్టుబాటు ఉండేది. ఆయన గుట్ట మీద ఉన్నంతసేపూ నీటిలో ఏముందో మరొకరు పడవల వాళ్ళకు చెప్పకూడదు. సముద్రం వైపు వేలు పెట్టి చూపించడం అసలే కూడదు. చూపిస్తే మంద చెదిరిపోతుందనేవారు. ఇద్దరు రెండు వైపులు చూపితే పడవలు చీలిపోయి వల పాడవుతుందన్నది దీని వెనుక ఉన్న అసలు కారణం అయి ఉండవచ్చునని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు మాత్రం అది నాకు దేవుడి మాటతో సమానం.

ఆ ఏడాది మా తాతయ్య తరచు తడబడుతూ ఉండేవాడు. వాకిట్లోని కుండను చూసుకోక తన్నేవాడు, చెట్టు వేరుకు తట్టుకొని పడేవాడు, పక్కన వచ్చి నిలబడినవారిని గమనించక ఉలిక్కిపడేవాడు. వల లాగే మగవాళ్ళు నవ్వుకునేవారు. "ఈ ముసలోడు నీళ్ళ కింద సేపని సూత్తాడు గానీ కాలి కింద కుండని సూడడు" అని ఒకాయన అంటే, ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. నన్ను వెంట పంపడం అందుకే మొదలైంది. ఆ తడబాటు ముసలితనమనే అందరమూ అనుకున్నాం.

ఆ ఉదయం గుట్ట కింద రెండు పడవలు సిద్ధంగా ఉన్నాయి. తెడ్లు పట్టుకున్న మగవాళ్ళు మా తాతయ్య చేతి వైపు చూస్తూ నిలబడ్డారు. మా అమ్మ ఒడ్డున నీటిలో మోకాలి లోతున నిలబడి ఉంది. రాత్రి గాలి మారిందనీ, వెనక్కి తీసే పాటు నీరు కుడివైపుకు లాగుతుందనీ తాతయ్య తనలో తాను లెక్క చెప్పుకుంటున్నాడు. నేను ఆయన పక్కన నిలబడి చూస్తున్నాను. ఎడమవైపు, దూరాన ఉన్న చిన్న దీవి కొన కింద, నల్లటి గీతలాంటిది ఒకటి నాకు కనబడింది. దాని మీద తెల్లనిదేదో లేచి పడుతోంది. తెడ్డుకు చొక్కా కట్టి ఊపుతున్నట్టుగా అనిపించింది.

వేలు చూపించకూడదు గనుక చేతులు రెండూ వెనక్కి పెట్టుకొని, "తాతా, ఎడం పక్క ఏదో ఉంది. తెల్లగా ఊగుతోంది" అన్నాను.

"ఏటే గుంటా? ఎక్కడ?" అని ఆయన తల అటు తిప్పాడు. తీరుబాటుగా, ఈ కొస నుంచి ఆ కొస వరకూ చూశాడు. "నేదే. నీళ్ళే."

"ఆ దీవి కొన కింద తాతా."

"సూసినాను కదే. నిండా సూసినాను. అంతా నీళ్ళే."

ఆయన గొంతులో విసుగు లేదు, అనుమానమూ లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే మనిషి నిదానమే ఉంది. తరువాత కుడివైపు తిరిగి, నీరు లాగుతుందని తాను అనుకున్న దిక్కులో చూస్తూ ఉండగా ఆయన ముఖం మారిపోయింది. "అదుగో. నా కొడుకు కూకున్నాడు. తలగుడ్డ కూడా అగుపడతంది" అంటూ ఎర్రగుడ్డను కుడికి ఊపాడు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నేను అటు చూశాను. నిజమే, నల్లటి డింగీ, అందులో కూర్చున్న మనిషి, తలకు చుట్టిన తెల్లగుడ్డ. నాకు స్పష్టంగా కనబడ్డాయి. ఎడమవైపు చూసినది నా పొరపాటని ఒప్పుకొని, సంతోషంతో చెంబులోని నీళ్ళు ఒలకబోసుకున్నాను.

పడవలు రెండూ కుడికే పోయాయి. అక్కడికి చేరేసరికి అది అడవిశాఖ వాళ్ళు తెప్పగా కట్టి నీటి మీద లాక్కుపోయే దుంగల్లోంచి జారిపోయిన ఒక దుంగ. దాని మీద ఒక తెల్లకొంగ వాలి ఉంది. వాళ్ళు తిరిగి వచ్చేదాకా గంటకు పైగా పట్టింది. అప్పుడు నేను ఏడుస్తూ ఎడమవైపు సంగతి మా అమ్మకు చెప్పాను. పడవలు మళ్ళీ ఎడమకు పోయాయి. దీవి కొన కింద ఏమీ లేదు. ఊరి నుంచి ఒక లాంచీ వచ్చి మూడు రోజులు వెతికింది. డింగీ దొరకలేదు, తెడ్డు దొరకలేదు, మనిషి దొరకలేదు.

తీరంలోని పెద్దలు కొన్నాళ్ళు ఆగి, జరగవలసిన కర్మ జరిపించాలని మా అమ్మతో చెప్పారు. ఆమె ఒప్పుకోలేదు. ఆ గురువారం పొద్దున తన మనిషి బతికే ఉన్నాడనీ, కూతురు కళ్ళారా చూసిందనీ, ఏదో ఓడ ఎక్కించుకుని ఉంటుందనీ, ఫీనిక్స్ బే రేవులో ఎప్పుడో ఒకనాడు దిగుతాడనీ వచ్చినవారందరికీ ఒకే వరుసలో చెప్పేది. ఆమె నిరీక్షణ అంతా నా రెండు కళ్ళ మీద నిలిచి ఉందని నాకు తెలుసు. ఆమె కోపమూ అక్కడి నుంచే పుట్టింది. మా నాన్న వేట మాని రేవులో పని చూసుకుంటానంటే అంతకు ముందు ఏడాది తాతయ్య వద్దన్నాడు. "కొడుకు మాట ఇనలేదు. మనవరాలి మాటా ఇనలేదు" అని ఒకసారి ఆయన ఎదుటే అని, ఆ తరువాత ఆయనతో మాట్లాడటం మానేసింది. వేళకు కంచం గడప దగ్గర పెట్టి లోపలికి పోయేది.

నేను అంతకంటె పెద్ద తప్పు చేశాను. నీకు కనబడింది, కనబడి కూడా లేదన్నావు అని ఆయన ముఖం మీదే అన్నాను. ఆయన గుట్ట ఎక్కడం మాత్రం మానలేదు. వల కోసం కాదు. పొద్దున్నే ఒంటరిగా, రాళ్ళు తడుముకుంటూ ఎక్కి, ఎండ నెత్తికెక్కేదాకా ఎడమవైపే చూస్తూ కూర్చునేవాడు.

మా పక్కింట్లో ఒక దీదీ ఉండేది. ఆమె రాంచీ వైపు నుంచి వచ్చిన కుటుంబంలోని మనిషి. ఆమె భర్త అడవిశాఖలో కూలి. ఆమె పెద్దాసుపత్రిలో కంటి డాక్టరు గదిలో నర్సుగా పనిచేసేది. వారానికి ఒక రోజే ఇంటికి వచ్చేది. మా వాళ్ళ దగ్గరే తెలుగు నేర్చుకొని, సగం హిందీ కలిపి మాట్లాడేది. ఒక ఆదివారం మధ్యాహ్నం మా తాతయ్య మంచినీళ్ళ గ్లాసు కోసం చాపిన చేయి గ్లాసు పక్కనుంచి పోవడం ఆమె చూసింది. లేచి వచ్చి, ఆయనకు ఎదురుగా చాప మీద కూర్చుంది. తన ముక్కు వైపే చూడమంది. తరువాత రెండు చేతులనూ బారగా చాచి వేళ్ళు ఆడించసాగింది.

"బాబా, నేను అగుపడుతున్నానా?"

"ఎందుకగుపడవు? నీ మొకం, నీ బొట్టు, అంతా అగుపడతంది."

"నా చేతులు?"

"సేతులు దించేసి ఒళ్ళో ఎట్టుకున్నావు కదమ్మా."

ఆమె వేళ్ళు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. నేను నవ్వబోయి ఆగిపోయాను. దీదీ చేతులను మెల్లగా దగ్గరకు తెస్తూ వచ్చింది. అవి దాదాపు ఆమె చెవుల దాకా వచ్చిన తరువాత గానీ మా తాతయ్య ఉలిక్కిపడలేదు. చేతులు గాలిలోంచి ఊడిపడినట్టు ఆయన వెనక్కి జరిగాడు.

ఇది కంటి జబ్బని దీదీ చెబితే ఆయన నమ్మలేదు. గుడ్డితనమంటే చీకటి కదా, తనకు ఎక్కడా చీకటి లేదు, మసక లేదు, సముద్రం ఈ చివర నుంచి ఆ చివరకు నిండుగా ఉంది అన్నాడు. అప్పుడు ఆమె నన్ను పిలిచింది. దండెం మీద ఉన్న మా నాన్న గళ్ళ లుంగీని తీసింది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి చూసింది గాని వద్దనలేదు. దీదీ లుంగీని చాప మీద పరిచి, దాని మీద జానెడు దూరంలో రెండు తెల్లగవ్వలు పెట్టింది. ఎడమ కన్ను మూసుకొని, కుడి కంటితో ఎడమ గవ్వనే చూస్తూ, ముఖాన్ని మెల్లగా కిందికి తెమ్మంది. నేను మోకాళ్ళ మీద వంగి అలాగే చేశాను. ఒకచోట కుడివైపు గవ్వ మాయమైంది.

"గవ్వ పోయింది దీదీ."

"అచ్ఛా. పోయిన చోట ఏముంది? ఛేద్ ఉందా, కన్నం?"

కన్నం లేదు. గవ్వ ఉండవలసిన చోట లుంగీయే ఉంది. ఎర్రగీత, నల్లగీత, వాటి మధ్య గళ్ళు, ఎక్కడా తెగకుండా సాగిపోయి ఉన్నాయి. నేను తల కొంచెం ఎత్తితే గవ్వ వచ్చింది, దించితే పోయింది. పోయిన ప్రతిసారీ గుడ్డ నిండుగానే ఉంది.

"అందరికీ ఉంటుంది మున్నీ, ఈ కన్నం. నాకు, నీకు, డాక్టర్ సాబ్‌కు. కన్ను చూడదు. దిమాగ్, ఈ బుర్ర, ఊరుకోదు. చుట్టుపక్కల ఏముందో అదే తెచ్చి కుట్టేస్తుంది. మీ వాళ్ళు వల కుట్టినట్టు."

మా తాతయ్య వంగి ఆ గవ్వలను వేలితో తడిమాడు. తరువాత, "నా కుట్టు ఎంత పెద్దదమ్మా?" అని అడిగాడు.

దీదీ ఆయన చేయి పట్టుకుంది. "బడా హై, బాబా. చాలా పెద్దది" అంది. ఆయనకు మధ్యలో వెదురుగొట్టంలోంచి చూసినంత మేరే చూపు మిగిలిందనీ, మిగతాదంతా మనసు నింపుకున్న నీరేననీ నెమ్మదిగా వివరించింది. ఆ గొట్టాన్ని ఎటు తిప్పినా దాని అంచు ఆయనకు తెలియదు. అందుకే ఎడమవైపు చూసినప్పుడు నిండా చూశాననే అనుకున్నాడు. తరువాత ఆసుపత్రిలో డాక్టరు కూడా ఆ మాటే చెప్పి, ఆ కంటి జబ్బును నీటికాసులు అంటారనీ, పోయిన చూపు తిరిగి రాదనీ అన్నాడు.

ఆయన నిర్దోషి అని ఆ మధ్యాహ్నం తేలిపోయింది. నేను అన్న మాటకు సిగ్గుపడి ఏడ్చాను. ఆయన ముఖంలో మాత్రం ఊరట కనబడలేదు. ఇది ఎన్నాళ్ళ నుంచి ఉంటుందని దీదీని అడిగాడు. ఏళ్ళ నుంచి కావచ్చు, ఎవరూ చెప్పలేరని ఆమె అంది. తాను ఏమీ లేదని చెప్పిన ఉదయాలన్నీ ఆయన కళ్ళ ముందు నుంచి పోతున్నట్టు పెదవులు కదిలాయి. ఆ తరువాత నన్ను దగ్గరకు తీసుకొని, ఏ కోపమూ లేకుండా, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"అమ్మీ, ఆ పొద్దు తెల్లగా ఊగినది గుడ్డేనా? సూసినావా, నాన్న రావాలని సూసినావా?"

చూశాననే చెప్పబోయాను. అంతలో ఒకటి గుర్తొచ్చింది. కుడివైపు దుంగ మీద నేను తలగుడ్డనూ చూశాను కదా. కొంగ రెక్కను మనిషి తలగుడ్డగా చూసిన కన్ను, దీవి కొన దగ్గర రాతికి కొట్టుకునే నురుగును చొక్కాగా చూడలేదని చెప్పడం ఎలా? ఆ రెండూ నాకు ఒకే స్పష్టతతో కనబడ్డాయి. జ్ఞాపకంలో ఆ రెండింటిలో దేని చుట్టూ అయినా కుట్టు ఆనవాలు ఉందా అని వెతికాను. లేదు.

మా అమ్మ చేతికి అంటిన పిండితోనే పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "సెప్పే. సూసినానని సెప్పు" అంది. సూసినానని నేను ఒక్క మాట అంటే ఆమెకు మా నాన్న ఇంకా ఎక్కడో బతికి ఉంటాడు. కానీ అదే మాటతో, కొడుకును నీటిలో వదిలేసినవాడిగా తాతయ్య మిగిలిపోతాడు. చూడలేదంటే ఇద్దరికీ అన్నీ అక్కడితో ముగిసిపోతాయి. ఇంత వివరంగా అప్పుడు నాకు తోచలేదు. ఏది అన్నా అబద్ధమవుతుందని మాత్రం తెలిసింది.

"తెలీదమ్మా" అన్నాను.

ఆమె కొట్టలేదు, తిట్టలేదు. చాప మీది గవ్వలను పక్కకు తోసి, లుంగీని మడిచి, ట్రంకుపెట్టెలో అడుగున పెట్టింది. ఆ మరుసటి వారం పెద్దలను పిలిపించి, కర్మకు రోజు చూడమంది. ఆమె చేతి గాజులు తీసిన రోజున నేను అక్కడే ఉన్నాను. ఆ గాజులను తీయించినది నా మాటే అన్న తలంపు ఇప్పటికీ నన్ను విడిచిపోలేదు.

తరువాతి కాలంలో మా పదిహేను ఇళ్ళలో మొదటిసారిగా కళాశాల చదువు పూర్తి చేసినది నేనే. అక్కడ కంటి పాఠం వచ్చినప్పుడు, నరం కంటిని వదిలి మెదడు వైపు బయలుదేరే చోట చూపు ఉండదనీ, ఆ ఖాళీని మెదడు పరిసరాలను బట్టి పూరిస్తుందనీ చదువుకున్నాను. అంతకంటె పెద్ద సంగతి ఒకటి తెలిసింది. మనం చూసేది బయటి వస్తువు మన కంటిలో పడిన నీడ మాత్రమే కాదు. రాగలదని మెదడు ముందుగా వేసుకున్న అంచనా కూడా దానిలో కలిసి ఉంటుంది. ఆశపడే మెదడు ఒకలాగా, భయపడే మెదడు మరొకలాగా కడుతుంది. కట్టినదాన్ని లోకమని మనకు అందిస్తుంది. మా అధ్యాపకుడు కాగితం మీద రెండు చుక్కలు పెట్టి ఆ పరీక్ష చేయించినప్పుడు తరగతి అంతా సరదాగా నవ్వింది. నేను కాగితాన్ని ముట్టుకోలేదు. పాఠం బాగా అర్థమైంది. దాని వల్ల ఆ ఉదయం దీవి కొన కింద ఉన్నది ఏమిటో తెలియలేదు. ఏ పుస్తకమూ దాన్ని చెప్పజాలదని కూడా అప్పుడే రూఢి అయింది.

ముప్పై ఏళ్ళు సైన్సు టీచరుగా పనిచేశాను. కారణం తెలిస్తే దుఃఖం తగ్గుతుందని పిల్లలకు ఒక్కనాడూ చెప్పలేదు. ఒకసారి అబర్డీన్ బజార్‌లో బస్సు తగిలి ఒక సైకిల్ మనిషి పడిపోతే, దగ్గరలో ఉన్న నన్ను పోలీసు జవాను సాక్ష్యం అడిగాడు. బస్సు ముందు కదిలిందా, సైకిల్ ముందు తిరిగిందా అని. నాకు కనబడినది చెబుతాను గాని ప్రమాణం చేయలేనన్నాను. "టీచర్జీ, మీరు అక్కడే నిలబడి ఉన్నారు కదా" అని అతను విసుక్కున్నాడు. నిలబడే ఉన్నానని ఒప్పుకున్నాను. అతను కాగితం మడిచి, టీ కొట్టు వాడి వైపు నడిచాడు. అతని విసుగు న్యాయమైనదే. ఇలాంటి మనిషితో ఎవరికీ పని జరగదు. నా దగ్గర మిగిలినది ఈ జంకు ఒక్కటే. దీన్ని జ్ఞానమని పిలవడానికి నాకు ధైర్యం చాలదు.

కర్మ జరిగిన తరువాత మా తాతయ్య గుట్ట ఎక్కలేదు. మా అమ్మ నన్ను బడిలో వేసి, ఊళ్ళో ఇళ్ళలో పనికి కుదిరింది. మా ఇంటి నుంచి ఎవరూ మళ్ళీ వేటకు పోలేదు. తాతయ్య ఇంకో నాలుగేళ్ళు బతికాడు, చివరి ఏడాది పూర్తిగా చూపు లేకుండా. ఆయన పోయేదాకా అమ్మ ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను రోజూ మాట్లాడేదాన్ని, ఆ ఉదయం గురించి తప్ప.